పల్లాకు తెగులుకు మందు సీసాలో లేదు

నూజివీడు నుంచి మాట్లాడుతున్నానంటే చాలు, అవతలివాళ్లు ముందు మామిడి గురించే అడుగుతారు. పూత ఎలా ఉంది, పిందె నిలిచిందా, చిన్న రసాలు ఎప్పటికి దిగుతాయి... 2022లో మా ఊరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది గానీ, దాని అసలు చిరునామా మాత్రం మామిడే. అందులో తప్పేం లేదు. కాకపోతే మామిడి ఏడాదికొక్కసారి చేతికొచ్చే పంట. తక్కిన నెలల్లో చిన్న కమతాలవాళ్ల ఇంట్లో ఉప్పూ పప్పూ నడిపేది కూరగాయలు. లేత తోటల్లో మామిడి వరసల మధ్యా, ఊరి పక్క అరెకరం, ముప్పాతిక ఎకరం చెక్కల్లోనూ వేసుకునే బెండ, వంగ, టమాటా. వాటిలో బెండని ఏటా పట్టి పీడించే ఒక తెగులు గురించీ, దాని పేరు చెప్పి అయ్యే ఖర్చు గురించీ ఈ వారం మాట్లాడుకుందాం.

"పంటల తెగుళ్ల గోల మీ ఆడవాళ్ల పేజీలో ఎందుకూ?" అని మా ఆయనే అడిగారు. ఎందుకంటే బెండ గింజ పెట్టేది ఆడవాళ్లు. కలుపు తీసేది ఆడవాళ్లు. చేతులు దురదపెడుతున్నా పొద్దున్నే కాయ కోసేది ఆడవాళ్లు. బజార్లో గంప ముందు కూర్చుని అమ్మేదీ, బేరమాడి కొనేదీ, తరిగి వండేదీ ఎక్కువగా ఆడవాళ్లే. మధ్యలో మందు కొట్టటం ఒక్కటే మగవాళ్ల పని. చిత్రమేమిటంటే, ఈ తెగులు కనిపించాక పనికిరానిది సరిగ్గా ఆ ఒక్క పనే.

ఈనెల్లో పసుపు

మనవైపు దీన్ని పల్లాకు తెగులంటారు. శంఖు రోగమనే పేరు కూడా ఉంది. పుస్తకాల్లో ఎల్లో వీన్ మొజాయిక్ అని రాస్తారు. గుర్తుపట్టటం కష్టం కాదు. ఆరోగ్యంగా ఉన్న బెండాకుకి ఈనెలు కూడా ఆకుపచ్చగానే ఉంటాయి. తెగులు తగిలిన మొక్కకి ముందుగా లేత ఆకుల ఈనెలు పసుపు తిరుగుతాయి. పసుపు దారంతో ఎవరో ఆకు మీద వల అల్లినట్టుంటుంది. చూడటానికి అందంగా కూడా ఉంటుంది, పాపిష్టిది! వలకన్నుల మధ్య కొన్నాళ్లు ఆకుపచ్చ మిగిలి ఉంటుంది. తర్వాత అదీ పోయి ఆకంతా పసుపవుతుంది. ముదిరితే మీగడ రంగుకి పాలిపోతుంది. మొక్క గిడసబారిపోతుంది. పూత తగ్గుతుంది. కాసిన నాలుగు కాయలూ పొట్టిగా, తెల్లగా, పీచుగా ఉంటాయి. బజార్లో మనం బెండకాయ కొన విరిచి చూస్తామే, ఆ కాయ కొన టప్పున విరగదు, వంగి ఊరుకుంటుంది.

ఇది కొత్త తెగులేమీ కాదు. 1924లోనే బొంబాయి రాష్ట్రంలో కులకర్ణి అనే శాస్త్రవేత్త దీన్ని నమోదు చేశారు. అంటే వందేళ్లు దాటింది. ఈ వందేళ్లలో ఎన్ని మందులు వచ్చాయో లెక్కలేదు, పల్లాకు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇక్కడ ఒక్కమాట. ఈమధ్య ఏ మొక్కకి ఏ జబ్బు చేసినా "వైరస్ పట్టిందండీ" అనేయటం అలవాటైంది. మామిడి కొమ్మ చివర ఆకులూ పూతా కలిసి ముద్దగా, పిచ్చుక గూడులా గుత్తి కట్టినా అదే మాట. నిజానికి అది వైరస్ కాదు, ఫ్యుజేరియం అనే శిలీంధ్రం, అంటే బూజు జాతి. ఆ గుత్తిని కాస్త ఆరోగ్యంగా ఉన్న కొమ్మతో సహా కత్తిరించి కాల్చేయటం దాని పద్ధతి. మామిడాకుల మీద పేరుకునే నల్లటి మసి కూడా వైరస్ కాదు. తేనెమంచు పురుగు కార్చిన తీపి జిగురు మీద పెరిగే బూజు అది. జబ్బు పేరు తప్పు చెబితే వైద్యమూ తప్పుతుంది. మనుషుల విషయంలోనూ అంతేగా!

వైరస్, దాని బండి, దాని విడిది

వైరస్ అంటే ఏమిటో కోవిడ్ రోజుల తర్వాత ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ మనిషి మొట్టమొదట వైరస్‌ని కనిపెట్టింది మనిషిలో కాదు, పొగాకు మొక్కలో. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, 1898లో హాలండులో బైజరింక్ పొగాకు ఆకుల మచ్చల రోగం మీద పనిచేస్తూ, బాక్టీరియా కంటే చిన్నదేదో ఉందని తేల్చారు.

మన బెండ వైరస్ జెమినీ కుటుంబంలోది. జెమినీ అంటే కవలలు. సూక్ష్మదర్శినిలో రెండు గుండ్లు అతుక్కుని కవలల్లా కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు. దీనికి కాళ్లు లేవు, రెక్కలు లేవు. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి వెళ్లాలంటే బండి కావాలి. ఆ బండి తెల్లదోమ. బెండాకు కింది వైపు, కదిలిస్తే తెల్లటి పొడి లేచినట్టు ఎగిరే చిన్న పురుగు. జబ్బు మొక్క రసం పీల్చినప్పుడు వైరస్‌ని ఎక్కించుకుంటుంది. ఆ తర్వాత చాలా రోజులు, దాదాపు బతికినంతకాలం, వాలిన ప్రతి మొక్కకీ దింపుతూ పోతుంది. ఎండలు ముదిరేకొద్దీ తెల్లదోమ పెరుగుతుంది. అందుకే మాఘ ఫాల్గుణాల్లో వేసిన బెండకి బాధ ఎక్కువ.

మరి బెండ పంట లేని నెలల్లో ఈ వైరస్ ఎక్కడుంటుంది? అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. గట్ల మీదుంటుంది. పాత బెండతోటని అయిపోయాక దున్నకుండా వదిలేస్తే అందులో ఉంటుంది. కుక్కమిరప అనే క్రోటన్ జాతి కలుపులో, లేత ఊదారంగు పూలు పూసే అజెరేటమ్‌లో, బెండ కుటుంబానికే చెందిన అడవి మొక్కల్లో తలదాచుకుంటుంది. మనం పట్టించుకోని తుత్తురబెండ పొదల్లో తెల్లదోమ హాయిగా సంసారం చేస్తూ ఉంటుంది. కొత్త బెండ మొలకెత్తగానే గట్టు మీది నుంచి చేలోకి కాపురం మారుస్తుంది. గట్టు ఎవరిదీ? నాదీ కాదు, పక్కవాడిదీ కాదు. కాబట్టి ఎవరూ శుభ్రం చెయ్యరు.

ఈ వైరస్ కథలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లున్నారు. కథలు రాసుకునేదాన్ని కదా, వాళ్ల గురించి చెప్పకుండా ఉండలేను. 752లో జపాన్ మహారాణి కోకెన్, ఎండాకాలంలోనే ఆకులు పసుపెక్కిన ఒక మొక్కని చూసి కవిత రాసింది. ఆకురాలే కాలం రాకముందే ఈ పసుపేమిటని ఆవిడకి ఆశ్చర్యం వేసింది కాబోలు. అది యూపటోరియం మొక్క. దానికి ఆ పసుపు రప్పించేది మన పల్లాకు జాతి వైరస్సేననీ, దాన్నీ మోసేది తెల్లదోమేననీ శాస్త్రవేత్తలు 2003లో రుజువు చేశారు. మొక్కల వైరస్ గురించి ప్రపంచంలో దొరుకుతున్న అతి పాత రాత ఒక స్త్రీది అన్నమాట. సరిగ్గా అదే 2003లో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో జోయిస్ జోస్, ఆర్. ఉష అనే ఇద్దరు మహిళలు మన బెండ సంగతి తేల్చారు. ఈ వైరస్ ఒంటరిగా రాదు, పెళ్లికూతురి పక్కన తోడుపెళ్లికూతురిలా ఒక చిన్న జన్యుముక్క దానికి తోడుంటుంది, ఆ తోడు ఉంటేనే బెండకి పల్లాకు లక్షణాలు పూర్తిగా బయటపడతాయి అని వాళ్లు చూపించారు. వైరస్‌ని గమనించటంలో ఆడవాళ్లది ఎంత పాత చెయ్యో చూడండి.

కొట్టినా ఎందుకు తగ్గదు?

ఇంతా తెలిశాక, మందు? లేదు. పల్లాకు సోకిన మొక్కని తిరిగి ఆకుపచ్చగా చేసే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. బజార్లో అమ్మేవన్నీ తెల్లదోమని చంపేవే తప్ప వైరస్‌ని చంపేవి కావు. విత్తనానికి మందు పట్టించో, మొలక దశలో వేపనూనె చల్లో దోమని అదుపులో పెడితే తెగులు రావటం ఆలస్యమవుతుంది, అది నిజం. ఆకు పసుపెక్కాక కొట్టేది మాత్రం, వాకిట్లోంచి దొంగ వెళ్లిపోయాక తలుపు గడియ పెట్టుకోవటమే.

ఆలస్యమైతే లాభమేమిటంటారా? చాలా ఉంది. 1974లో శాస్త్రి, సింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. మొలకెత్తిన 35 రోజుల్లోపు తెగులు తగిలితే దిగుబడిలో 94 శాతం పోతుంది. 50 రోజులకి తగిలితే 84 శాతం, 65 రోజులకి తగిలితే 49 శాతం పోతుంది. అంటే నెలరోజులు ఆపగలిగితే సగం పంటైనా ఇంటికొస్తుంది. ఆ నెలరోజులూ ఆపగలిగేవేమిటి? గట్లు శుభ్రంగా ఉండటం, పాత బెండతోటని దున్నేయటం, పసుపు కనిపించిన మొదటి నాలుగైదు మొక్కల్ని అప్పుడే పీకి పూడ్చేయటం. మూడూ కలుపు తీసే చేతులు చేసే పనులే.

మరి ఎందుకు చెయ్యరు? ఈ ప్రశ్న మా ఇంటికి దగ్గర్లో అరెకరం కౌలుకి తీసుకుని బెండ వేసే ఒకావిడని అడిగాను.

"ఎన్నిసార్లు కొట్టించావమ్మా?"

"ఈ నెల్లో అయిదుసార్లండి."

"తగ్గిందా మరి?"

"తగ్గితే అయిదోసారెందుకు కొట్టిస్తానండీ!"

"ఆ డబ్బుతో ముందే గట్లు బాగుచేయించి, కలుపు తీయించి ఉండొచ్చుగా?"

ఆవిడ నావంక జాలిగా చూసింది. "అమ్మగారూ, పదిమంది కూలోళ్లని పెడితే సాయంత్రానికి పదిమంది చేతిలోనూ డబ్బులు పెట్టాలండి. మందుల కొట్టాయన పంటయ్యాక ఇమ్మంటాడు."

నేను చదివిన బియస్సీ వృక్షశాస్త్రంలో ఈ పాఠం లేదు. మందుకి అప్పు పుడుతుంది, కూలికి పుట్టదు. పల్లాకు మీద వందేళ్లుగా మందే కొడుతూ ఉండటానికి కారణం రైతుకి తెలివి లేక కాదు. అప్పు దొరికే దారిలోనే ఎవరైనా నడుస్తారు. సలహా ఇచ్చేదీ కొట్టువాడే, సరుకు అమ్మేదీ కొట్టువాడే, అప్పిచ్చేదీ కొట్టువాడే అయినప్పుడు, "దీనికి మందు లేదమ్మా, మొక్క పీకెయ్" అని ఎవరు చెబుతారు? చెబితే ఆయన వ్యాపారం ఎలా సాగుతుంది?

ఇంకో చిక్కు కూడా ఉంది. బెండకి పల్లాకు ముదిరే రోజులూ మామిడి కోతల రోజులూ ఒకటే. ఉన్న కూలీలంతా తోటల్లోకీ, కాయలు ఏరి గ్రేడు చేసే షెడ్లలోకీ వెళ్లిపోతారు. గట్టు మీద కలుపు ఏపుగా పెరిగేదీ, దాన్ని తియ్యటానికి చెయ్యి దొరకనిదీ ఒక్కసారే.

రెండు పాత గాయాలు

మందు మీద మందు కొట్టుకుంటూ పోతే ఏమవుతుందో మన రాష్ట్రానికి తెలియంది కాదు. 1980ల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద సింథటిక్ పైరిత్రాయిడ్లనే కొత్త మందులు విపరీతంగా వాడారు. కాయతొలుచు పురుగు సంగతి అటుంచి, తెల్లదోమని తినే సాలీళ్లూ, అక్షింతల పురుగులూ చచ్చాయి. తెల్లదోమ మాత్రం తట్టుకుని రెట్టింపయింది. ఆ నష్టాలూ అప్పులూ తట్టుకోలేక 1987-88లో పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. మన బెండ మీద వాలే తెల్లదోమ జాతి కూడా అదే.

రెండోది 2000 సంవత్సరంలో అనంతపురం. ఆ ఖరీఫ్‌లో వేరుశనగ మొక్కలు మొవ్వు నుంచి మాడిపోవటం మొదలుపెట్టాయి. లేత ఆకుల మీద గోధుమరంగు మచ్చలు, కాండం మీద మాడిన చారలు, చివరికి మొక్కకి మొక్కే ఎండిపోవటం. సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయల పైమాటేనని అంచనా. చూడ్డానికి అంతకుముందు నుంచీ ఉన్న మొవ్వుకుళ్లు తెగులులాగే ఉండటంతో మొదట అదే అనుకున్నారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలూ, ఇతర సంస్థలవాళ్లూ పరిశోధించి, అది టొబాకో స్ట్రీక్ అనే వేరే వైరస్ అని తేల్చారు.

అది వచ్చింది ఎక్కడి నుంచో తెలుసా? వయ్యారిభామ నుంచి. 1950ల్లో పూణేలో కనిపించి దేశమంతా పాకిన కలుపు మొక్క. తెల్లటి చిన్న పూలతో రోడ్ల పక్కన, బడి ఆవరణల్లో, బీళ్లలో ఎక్కడ చూసినా అదే. ఈ వైరస్ తనలో ఉన్నా వయ్యారిభామకి ఒక్క మచ్చ కూడా రాదు, నిగనిగలాడుతూనే ఉంటుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. ఆ పుప్పొడి గాలికీ, తామర పురుగుల ఒంటికి అంటుకునీ వేరుశనగ ఆకుల మీదికి చేరుతుంది. తామర పురుగులు ఆకుని గీరినచోట వైరస్ లోపలికి దూరుతుంది. వేరుశనగ నుంచి వేరుశనగకి అంటేది కాదు కాబట్టి చేలో జబ్బు మొక్కల్ని పీకినా లాభం లేదు. పీకాల్సింది గట్టు మీది వయ్యారిభామని, అదీ పూత పూయకముందు. చేను చుట్టూ ఏడెనిమిది వరసలు దట్టంగా జొన్న వేసి అడ్డం కట్టమని కూడా శాస్త్రవేత్తలు చెప్పారు.

చెడ్డ కలుపుకి ఆడపేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, దాన్ని పీకే బాధ కూడా ఆడవాళ్లకే పడింది. వట్టిచేతులతో వయ్యారిభామని పీకితే ఒళ్లు దద్దుర్లెక్కుతుంది. దురద, చర్మం పగలటం, కొందరికి ఆయాసం. మందు కొట్టే మగాడికి ముక్కుకి గుడ్డ కట్టుకోమని చెప్పేవాళ్లు, కలుపు తీసే ఆడమనిషికి ఒక జత తొడుగులు ఇవ్వాలని ఎందుకు అనుకోరు?

బెండ పల్లాకూ, వేరుశనగ వైరసూ వేరువేరు. ఒకదానికి బండి తెల్లదోమ, రెండోదానికి తామర పురుగు. కానీ రెండూ చెప్పే నీతి ఒక్కటే. జబ్బు చేలో కనిపిస్తుంది, దాని మూలం చేను బయట ఉంటుంది. చేలో ఎంత మందు పోసినా గట్టు మీదున్నది చావదు. ఒక్కరు గట్టు బాగుచేసుకుని పక్కవాళ్లు వదిలేసినా లాభం లేదు, తెల్లదోమకి సరిహద్దు రాళ్లు తెలియవు కదా!

మన వంటింట్లోకి వచ్చేది

పల్లాకు వచ్చిన బెండకాయ తింటే మనకేమన్నా అవుతుందా అని కొందరు భయపడతారు. ఏమీ కాదు. మొక్కల వైరస్ మనిషికి అంటదు. కాయ పీచుగా, రుచి లేకుండా ఉంటుందంతే. భయపడాల్సింది దానిమీద కొట్టినవాటికి.

ప్రతి పురుగుమందుకీ కొట్టాక ఇన్నిరోజులు ఆగి కాయ కొయ్యాలని గడువుంటుంది. వంకాయైతే నాలుగు రోజులు ఓపిక పడుతుంది. బెండ ఆగదు. రోజు మార్చి రోజు కొయ్యకపోతే ముదిరిపోయి పశువులకే పనికొస్తుంది. అప్పు చేసి కొట్టించిన రైతు నాలుగు కోతలు వదులుకుంటాడా? పొద్దున కొట్టి మర్నాడు కోసిన కాయ మన సంచిలోకి వస్తుంది. కొన్ని మందులు పైపైన ఉంటాయి, కుళాయి కింద రుద్ది కడిగితే చాలావరకు పోతాయి. మొక్క లోపలికి ఇంకేవి మాత్రం ఉప్పునీళ్లలో నానబెట్టినా పూర్తిగా పోవు. బెండకాయని తరిగాక కడిగితే జిగురెక్కుతుందని మనకి తెలుసు కాబట్టి ముందే బాగా కడిగి, గుడ్డతో తుడిచి తరుగుదాం. మనం చెయ్యగలిగింది అంతవరకే. తక్కినది చేలోనే జరగాలి.

మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. అది ఎంత విషమో 2013లో బీహార్‌లో చూశాం. ఆ మందు కలిసిన నూనెతో వండిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు. కాబట్టి సీసా మీద ఎర్ర త్రికోణం ఉంటే అది అన్నిటికంటే ప్రమాదకరమైనదని ఇంట్లో అందరికీ చెప్పండి. ఖాళీ డబ్బాల్ని కడిగి నూనెకో, నీళ్లకో వాడే అలవాటు ఏ ఇంట్లో ఉన్నా మాన్పించండి.

మంచి విత్తనం చాలదా?

చాలదు. 1950ల చివర్లో ఢిల్లీలో తయారైన పూసా సావని రకం పల్లాకుని తట్టుకుంటుందని దేశమంతా వేశారు. కొన్నాళ్లకి ఆ గుణం పోయింది. ఆ తర్వాత అడవి బెండ జాతులతో కలిపి బెంగళూరులో అర్క అనామిక, అర్క అభయ్, మహారాష్ట్రలో పర్భణి క్రాంతి తెచ్చారు. చాలాకాలం బాగా నిలబడ్డాయి. చాలాచోట్ల వాటికీ పల్లాకు తగిలింది. ఇప్పుడు ఖరీదైన హైబ్రిడ్ల వంతు. వైరస్ మారుతూనే ఉంటుంది, విత్తనం దాని వెనక పరిగెత్తుతూనే ఉంటుంది. తట్టుకునే విత్తనం తప్పకుండా కావాలి. కానీ చుట్టూ కలుపునిండా వైరస్‌ని పెంచిపెట్టి, విత్తనం ఒక్కదాన్నే కాపాడమనటం న్యాయం కాదు.

ప్రభుత్వాలు మాత్రం యంత్రాల వైపే చూస్తున్నాయి. స్ప్రేయర్లకి సబ్సిడీలు ఇచ్చాయి. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం నమో డ్రోన్ దీదీ పథకాన్ని ఆమోదించింది. 1,261 కోట్ల రూపాయలతో 15,000 మహిళా సంఘాలకి డ్రోన్లు ఇవ్వాలన్నది దాని లక్ష్యం. ఆడపిల్లలు డ్రోన్ నడుపుతుంటే చూడ్డానికి నాకూ గర్వంగానే ఉంటుంది. కానీ ఆ డ్రోన్ చేసేది కూడా ఎరువులూ, మందులూ చల్లటమే. ఆడవాళ్లు అంతకుముందు నుంచీ చేస్తున్న పని, నిజంగా వైరస్‌ని ఆపే పని, కలుపు తియ్యటం. దానికి పథకం లేదు, పేరు లేదు, ఫొటో లేదు. ఆకాశంలోంచి చల్లితే సాంకేతికం, నేల మీద వంగి పీకితే కూలిపని.

నాకు తోచింది చెబుతాను, మీరూ ఆలోచించండి. ఊరూరా డ్వాక్రా సంఘాలున్నాయి. నెలనెలా కూడి లెక్కలు చూసుకోవటం, కలిసి అప్పు తీసుకుని కలిసి తీర్చటం వాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. గేదెకి అప్పిస్తున్నారు, చీరల వ్యాపారానికి ఇస్తున్నారు. బెండ వెయ్యబోయే ముందు పదిహేను రోజుల్లో ఆ వీధి చేల గట్లన్నీ ఒకేసారి బాగుచేసుకోవటానికి, ఆ కూలికి ఎందుకు ఇవ్వరాదు? పంటయ్యాక తీర్చేది కదా, మందు సీసా బాకీ తీర్చటం లేదూ? రైతు భరోసా కేంద్రాలకి 2024లో రైతు సేవా కేంద్రాలని పేరు మార్చారు. ఆ సేవలో చేతి తొడుగులూ, పసుపు జిగురు అట్టలూ, చేను చుట్టూ అడ్డం వెయ్యటానికి జొన్న విత్తనాలూ చేర్చమని అడగొచ్చు. పసుపెక్కిన మొదటి మొక్కని పీకే అధికారం కలుపు తీసే మనిషికే ఇవ్వమని రైతుతో చెప్పొచ్చు. ముందు చూసేది ఆవిడే. "అయ్యగారు చూసి చెప్పాక పీకుదాం" అనుకునేలోపు తెల్లదోమ నాలుగు వరసలు దాటిపోతుంది.

టౌన్లో ఉన్నవాళ్లం మనమేం చెయ్యగలం అంటారా? బెండకాయ కొనేటప్పుడు గంప ముందు కూర్చున్నావిడని "ఎంతకిస్తావ్" అని అడుగుతాం కదా. దానితోపాటు "మందు కొట్టి ఎన్నాళ్లయింది" అని కూడా అడుగుదాం. పదిమంది అడిగితే ఆ మాట చేలోకి చేరుతుంది. ఒకటో రెండో పుచ్చు కాయలున్న గంపని పక్కకి తోసెయ్యకుండా కొందాం. మన పెరట్లో, వీధి చివర ఖాళీ స్థలంలో వయ్యారిభామ పూతకి రాకముందే తొడుగులేసుకుని పీకించేద్దాం. పీకినావిడకి కూలి మాత్రం ఆ సాయంత్రమే, బేరమాడకుండా ఇద్దాం.